దానం కాదు... దుకాణం కావాలి!

‘పాత’ అనే మాటకు మన తెలుగులో ఉన్న గౌరవం చిన్నదేమీ కాదు. పాత బియ్యమైతే అన్నం బాగా ఒదుగుతుంది, బజార్లో రెండు రూపాయలు ఎక్కువే పలుకుతాయి. పాత చింతపండు పథ్యానికి మంచిదంటారు. పాత బెల్లం మందుల్లోకి వాడతారు. పాత స్నేహం గురించి చెప్పనే అక్కర్లేదు. కాని అదే మాట పక్కన ‘బట్ట’ అని చేర్చి చూడండి, మొహం చిట్లిస్తాం. పాత బట్ట కట్టుకున్నవాడు లోకువ, ఇచ్చినవాడు దాత! ఒకే గుడ్డ ఒకరికి పుణ్యాన్నీ, ఇంకొకరికి నామోషీనీ ఎలా తెచ్చిపెడుతోంది? మన విద్యార్థిలోకం కాస్త తీరిగ్గా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

నా వాదన ముందే చెప్పేస్తాను. పాత బట్టల్ని పేదలకు ఉచితంగా పంచిపెట్టడం కన్నా, వాటిని శుభ్రం చేసి, బాగుచేసి, ధర కట్టి, వచ్చిన వాళ్ళందరికీ ఒకే బల్ల మీద అమ్మే సేవా దుకాణం పెట్టడం మేలు. అలా వచ్చిన డబ్బు మళ్ళీ ఊరి మంచికే ఖర్చు కావాలి. ఇంగ్లండులో ‘చారిటీ షాపు’ అనీ, అమెరికాలో ‘త్రిఫ్ట్ స్టోరు’ అనీ అనేది ఇలాంటిదాన్నే. “పేదవాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడమేమిటయ్యా, అదేం సేవ?” అని కోప్పడేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కోప్పడటంలో తప్పులేదు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవమని మాత్రం నా మనవి.

పాత బట్ట అంటే మనకు ఎందుకింత చిన్నచూపు? గుడ్డ పాతబడటం వల్ల కాదు. అన్న చొక్కా తమ్ముడు తొడుక్కుంటాడు, అమ్మ చీర చింపి పసిపిల్లకు ఉయ్యాల వేస్తారు, నాయనమ్మ చీరలన్నీ కలిపి కుట్టిన బొంత మీద పడుకుంటే వచ్చే నిద్ర పరుపు మీద రాదు. అప్పుడెవరికీ నామోషీ లేదు! అంటే చిక్కు గుడ్డలో లేదు, అది చేతులు మారే తీరులో ఉంది. మనుస్మృతి పదో అధ్యాయంలో, సేవ చేసే శూద్రుడికి మిగిలిన అన్నం, పాత బట్టలు, తాలు గింజలు, పాత సామాను ఇమ్మని రాసి ఉంది. తాలు గింజ అంటే ఏమిటో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. తూర్పారబోస్తే గాలికి ఎగిరిపోయేది! గట్టి గింజ గాదెలోకి, తాలు గింజ పనివాడికి. మన పల్లెల్లో పాలేర్లకూ, బట్టలుతికేవాళ్ళకూ, పండగలకూ పబ్బాలకూ ‘విడిచిన’ బట్టలు ఇవ్వడం ఎంతకాలం సాగిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఆ ఇవ్వడంలో గుడ్డతోపాటు ‘నువ్వు మాకంటే కిందివాడివి’ అన్న సంగతి కూడా మూటకట్టి ఇచ్చేవాళ్ళు. ఉతికితే మురికి పోతుంది గాని, ఆ సంగతి పోతుందా?

ఇప్పుడు మా చీపురుపల్లి వైపు సంతల్లో కనపడే దృశ్యం ఒకటి చెబుతాను. గోనెపట్టా పరిచి, దాని మీద పాత బట్టలు కుప్పపోసి అమ్మేవాళ్ళు ఉంటారు. నాట్లకో కోతలకో వెళ్ళే ఆడవాళ్ళు, వలసపనులకు బెజవాడ, హైదరాబాదు రైలెక్కబోయే కుర్రాళ్ళు ఆ కుప్ప చుట్టూ చేరతారు. ఒకామె లాగు తీసి దులుపుతుంది. సూర్యుడికి ఎదురుగా పెట్టి ఎక్కడ పల్చబడిందో చూస్తుంది. కుట్టు లాగి చూస్తుంది.

“ఏటి నాయినా, ఇదెంత?”

“అరవై.”

“అరవయ్యా! గుండీ నేదు, మోకాలి కాడ నూలు తేలిపోనాది. ముప్పైకిత్తావా?”

“నలబై ఇచ్చి అట్టుకెల్లు.”

“నాకక్కర్నేదు” అని ఆమె నాలుగడుగులు వేస్తుంది. అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. ముప్పైఅయిదు దగ్గర బేరం తెగుతుంది. ఆమె కొన్నది పాత లాగే. కాని ఆమె నడకలో నామోషీ ఏమైనా ఉందా? లేదు! అయిదు రూపాయలు తగ్గించుకున్న గర్వం ఉంది. ఎందుకంటే అక్కడ ఆమె ‘కొనేమనిషి’. చూసే హక్కు, వంక పెట్టే హక్కు, వద్దని వెళ్ళిపోయే హక్కు, ఈ మూడూ ఆమెవే.

అదే మనిషిని తీసుకెళ్ళి ఉచిత వస్త్రదానం వరుసలో నిలబెట్టండి. ఈ రంగు వద్దు బాబూ అనగలదా? ఇది నా కొలత కాదు అనగలదా? “ఊరికే ఇస్తుంటే ఎంచుతావేమమ్మా” అంటారు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచకూడదని మనకో సామెత కూడా ఉంది. బాగానే ఉంది. కాని పశువుల సంతలో పళ్ళు చూడకుండా ఎద్దును కొనే రైతు ఎక్కడైనా ఉంటాడా? పళ్ళు చూడటమే రైతు తెలివి. దానం చేసేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ తెలివిని పక్కన పెట్టి రమ్మని!

2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. గాలి తగ్గిన కొన్నాళ్ళకు మా ఊరికి పాత బట్టలతో ఒక వ్యాను వచ్చింది. ఎవరు పంపారో ఇక్కడ అనవసరం, పంపినవాళ్ళ మనసు మంచిదే అయి ఉంటుంది. వ్యాను పైనుంచి మూటలు విప్పి విసిరారు. అందులో ఏమున్నాయనుకుంటున్నారు? మంచు కురిసే దేశానికి పనికొచ్చే ఉన్ని కోటు, హుక్కులూడిన జాకెట్లు, జత లేని మేజోళ్ళు, పెళ్ళి ఊరేగింపులో వేసుకునే తళుకుల లంగా. మా అమ్మకు ఒక చీర దొరికింది. మంచి చీరే. అయినా ఆమె ఒక్కరోజు కూడా కట్టలేదు. ఎందుకమ్మా అంటే, “కడితే ఎవలిచ్చారని అడుగుతారు, ఏటని సెప్పను?” అంది. చివరికి ఆ చీర మొక్కజొన్న చేను చుట్టూ అడవిపందులు రాకుండా కంచె అయింది. సంతలో నలభై పెట్టి కొన్న పాత చీరనైతే ఆమె చిరిగేదాకా కట్టింది!

ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడులో నాగపట్టణం వైపు లారీలకు లారీలు పాత బట్టలు వెళ్ళాయి. అక్కడి మత్స్యకారులు కట్టుకోలేని, కట్టుకోవడానికి మనసొప్పని బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయని పత్రికలు రాశాయి. దేశమంతా బీరువాలు ఖాళీ చేసుకుంది, కష్టంలో ఉన్నవాళ్ళ ముంగిట చెత్త పోగుపడింది. దాత తనకు పనికిరానిది ఇచ్చాడు గాని, తీసుకునేవాడికి ఏది పనికొస్తుందని అడగలేదు. అమ్మేవాడు అలా చేస్తే ఆ సాయంత్రానికే దుకాణం మూసుకోవాలి. ఇక్కడే నాకు దుకాణం గొప్పదనం కనపడుతుంది. కొనేవాడి అవసరం ఏమిటో దుకాణం రోజూ నేర్చుకోక తప్పదు. దానానికి ఆ అక్కర లేదు.

పై దేశాల్లో ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1902లో అమెరికాలోని బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరీ ‘గుడ్‌విల్’ సంస్థకు అంకురార్పణ చేశాడు. కలిగినవాళ్ళ ఇళ్ళ నుంచి పాత బట్టలు, సామాన్లు సేకరించడం, పనిలేని పేదలకు కూలి ఇచ్చి వాటిని బాగుచేయించడం, తక్కువ ధరకు అమ్మడం, ఆ డబ్బుతో మళ్ళీ కూలి ఇవ్వడం, ఇదీ పద్ధతి. దానం కాదు, అవకాశం అన్నది వాళ్ళ నినాదం. ఇంగ్లండులో 1942లో గ్రీసు దేశపు కరువు బాధితుల కోసం ఆక్స్‌ఫర్డులో ఒక కమిటీ ఏర్పడింది. అదే తరువాత ‘ఆక్స్‌ఫామ్’ అయింది. 1947లో ఆ ఊరి బ్రాడ్ స్ట్రీటులో వాళ్ళు దుకాణం తెరిచారు. ఇప్పుడు బ్రిటన్‌లో వాళ్ళకు వందల దుకాణాలు ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే.

ఆ దుకాణాల్లో కొన్నవాళ్ళు మనవాళ్ళలోనే బోలెడుమంది ఉన్నారు. అమెరికా వెళ్ళిన తెలుగు విద్యార్థుల్లో ఎంతమంది మొదటి చలికోటు, మొదటి వంటగిన్నెలు, మొదటి బల్ల, కుర్చీ త్రిఫ్ట్ స్టోర్లలో కొన్నవాళ్ళో అడిగి చూడండి. మా బంధువుల్లో ఒకాయన చికాగో వైపు చదువుకుంటున్నాడు. ఫోనులో అడిగితే చాలా విషయాలు చెప్పాడు. ప్రతి వస్తువు మీదా చీటీ ఉంటుందట, ధర అడగక్కర్లేదు. వారానికో రంగు చీటీ మీద తగ్గింపు ఉంటుందట. తొడుక్కుని చూసుకోవడానికి గది, గదిలో అద్దం. “అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటో తెలుసా? నా వెనకాల వరుసలో మా ప్రొఫెసరుగారు దీపపు స్టాండు పట్టుకుని నిలబడ్డారు!” అన్నాడు.

మంచి ఒక్కటే చెప్పి ఊరుకుంటే వాదన నిలవదు. ఆయన చెడు కూడా చెప్పాడు. ఒకసారి ఒక దుకాణంలో కొన్న కోటు ఇంటికి తెచ్చి చూస్తే జిప్పు పాడై ఉందట, తిరిగి తీసుకోమన్నారట. మంచి సరుకంతా పొద్దున్నే వ్యాపారులు వచ్చి ఎగరేసుకుపోయి ఎక్కువ ధరకు అమ్ముకుంటారట. కలవారి పిల్లలు సరదాకి రావడం మొదలయ్యాక ధరలు పెరిగాయట. కాబట్టి దుకాణం పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. దాన్ని ఎలా నడుపుతామన్నదే అసలు సంగతి. ఇంకో చిత్రం కూడా గమనించండి. ఇక్కడ సంతలో పాత చొక్కా కొంటే పరువు పోయిందనుకునే ఇంటి కుర్రాడే, అక్కడ పాత కోటు తొడుక్కుని ఫొటో దిగి ఇంటికి పంపుతాడు. ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు! గుడ్డ పాతదే, కాని డాలరు ఇచ్చి కొన్నాడు, ఎవరిదగ్గరా చెయ్యి చాచలేదు. గౌరవం ఎక్కడుందో తేలిపోయింది కదా!

మన దేశంలోనూ దారి చూపినవాళ్ళు లేకపోలేదు. 1999లో అంశు గుప్తా దంపతులు ఢిల్లీలో తమ ఇంట్లోని 67 బట్టలతో ‘గూంజ్’ సంస్థను మొదలుపెట్టారు. పల్లె ప్రజలు కలిసి చెరువు పూడిక తీసుకుంటే, బావి తవ్వుకుంటే, దారి వేసుకుంటే, ఆ శ్రమకు ప్రతిఫలంగా వాళ్ళు బట్టలు ఇస్తారు. సునామీ తరువాత పనికిరాక మిగిలిన నూలు గుడ్డల్ని శుభ్రం చేసి, ఆడవాళ్ళ నెలసరికి వాడుకునే మెత్తలుగా మలిచే పని కూడా చేపట్టారు. ఈ కృషికి అంశు గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. వీళ్ళ పద్ధతి దుకాణం కాదు. కానీ మూలసూత్రం ఒక్కటే: తీసుకునేవాడు ఊరికే తీసుకోవడం లేదు, తన వంతు ఇచ్చి తీసుకుంటున్నాడు.

ఇక అభ్యంతరాలకు వస్తాను.

మొదటిది: చేతిలో పైసా లేనివాళ్ళ మాటేమిటి? ఇల్లు కాలినవాడికీ, తుపానులో సర్వం పోగొట్టుకున్నవాడికీ ధర చీటీ చూపించమని నేను అనను. వాళ్ళకు సహాయం వెంటనే, ఉచితంగా అందాలి. వీలైతే కొత్త బట్టలే ఇవ్వాలి. నా మాటలు మామూలు రోజుల గురించి, కూలి చేసుకుని పది రూపాయలు వెనకేసుకునే కోట్లమంది గురించి. మరీ లేనివాళ్ళకు ఒక చీటీ ఇచ్చి, వాళ్ళు కూడా దుకాణంలోకే వచ్చి, అందరిలాగే ఎంచుకుని, ఆ చీటీ ఇచ్చి తీసుకెళ్ళేటట్లు చేయవచ్చు. ఎవరు డబ్బిచ్చారో, ఎవరు చీటీ ఇచ్చారో గల్లాపెట్టెకు తప్ప ఇంకెవరికీ తెలియక్కర్లేదు.

రెండోది: రోగాలు అంటుకోవా? సైన్సు విద్యార్థిగా దీనికి జవాబు చెప్పగలను. గజ్జి పురుగు మనిషి ఒంటిని విడిచాక మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. బట్టల్ని సంచిలో బిగించి కట్టి వారం రోజులు పక్కన పెట్టి, తరువాత బాగా వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి, మండుటెండలో ఆరేస్తే భయపడవలసింది లేదు. సంతలో కుప్పపోసినవాడు ఇది చేశాడో లేదో మనకు తెలియదు. సేవా దుకాణం చేయాలి, చేసినట్టు గోడ మీద రాసి పెట్టాలి.

మూడోది: పోయినవాళ్ళ బట్టలేమో అన్న అనుమానం. ఇది మనవాళ్ళలో గట్టిగా ఉంది, వెక్కిరించి లాభం లేదు. నాకు ఆ నమ్మకం లేదు. కాని నమ్మేవాళ్ళ మనసు నొప్పించే హక్కు కూడా నాకు లేదు. అలాంటి బట్టలు అమ్మకానికి పెట్టకుండా, సంచులుగానో కాళ్ళు తుడుచుకునే పట్టాలుగానో కుట్టించవచ్చు.

నాలుగోది: మన నేతగాళ్ళ నోరు కొట్టినట్టు కాదా? మా ఊరికి పక్కనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకి, చేత్తో వడికి, నేసే ఖద్దరు అది. గాంధీగారు మెచ్చుకున్న నేత! పాత బట్టల దుకాణం దానికి పోటీ కాదు. పోటీ అయ్యేది చవక పాలియస్టరుకే. ఆ పాలియస్టరు చిరిగాక మట్టిలో కలవదు. మా పొలం గట్ల మీద పదేళ్ళనాటి పీలికలు ఇంకా అలాగే ఉన్నాయి. నూలు చొక్కా సంగతి చూద్దామా? ఒక్క నూలు టీషర్టు తయారీకి, పత్తి పంటతో కలిపి, సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని అంచనా. రోజుకు మూడు లీటర్ల చొప్పున తాగితే ఒక మనిషికి రెండున్నరేళ్ళకు సరిపోయే నీళ్ళు! ఎండాకాలంలో బిందె నీళ్ళ కోసం నిలబడిన ఊళ్ళ పిల్లలం మనం. ఇన్ని నీళ్ళు తాగిన గుడ్డను ఆరునెలలు కట్టి పారేయడం ఏ లెక్క ప్రకారం నాగరికత?

అయిదోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. “పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా” అని కేకేస్తూ, నెత్తిన గంప పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్ళ పొట్ట కొట్టమా? వాళ్ళు ఇచ్చిపుచ్చుకున్న బట్టలే కదా బాగుచేయబడి సంతల్లోకి వచ్చేది. కొన్ని మోటారు షెడ్లలో నూనె తుడిచే గుడ్డలవుతాయి. ఉన్నివి పానిపట్టు లాంటిచోట్ల మళ్ళీ దారమై, దుప్పట్లయి, వరద బాధితులకు పంచే దుప్పట్ల రూపంలో తిరిగొస్తాయి. ఇదంతా నడిపిస్తున్న తొలి అడుగు ఆ గంపమ్మే. ఆమెను తోసేసి మనం సేవ చేశామంటే సిగ్గుచేటు. ఏ గుడ్డ ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆమె వేలికొసకు తెలిసినంత మనకు తెలియదు. దుకాణంలో ఏరే పని, ధర కట్టే పని ఆమెకే కూలి ఇచ్చి అప్పజెప్పాలి.

ఇంత చెప్పి ‘ఎవరైనా చేస్తే బాగుండు’ అని ముగించడం విద్యార్థి లక్షణం కాదు. మన యూనియన్ ఒక చిన్న గది తీసుకుని చీపురుపల్లి లాంటి ఊళ్ళో మొదలుపెట్టవచ్చు. రోజుకు ఇరవై బట్టలు, సగటున ముప్పై రూపాయలకు అమ్ముడైనా ఆరువందలు. నెలకు ఇరవైఅయిదు రోజులు తెరిస్తే పదిహేనువేలు. అద్దె, సబ్బు, కుట్టుపని చేసే ఒకరిద్దరి కూలి పోగా మిగిలిన కొద్దిపాటితో పరీక్ష ఫీజు కట్టలేని మనలాంటి పిల్లల ఫీజులు కట్టవచ్చు. లాభం తక్కువే కావచ్చు, నష్టం మాత్రం ఎవరికీ లేదు.

కాని కొన్ని నియమాలు ఉండాలి. మీ సొంత చెల్లెలికి ఇవ్వడానికి మనసొప్పని బట్ట దుకాణానికి ఇవ్వకూడదు. ప్రతి బట్టకూ ధర చీటీ ఉండాలి. తొడుక్కుని చూసుకోవడానికి చాటు, నిలువుటద్దం ఉండాలి. లోపముంటే వారంలోగా మార్చి ఇవ్వాలి. ఒక్కరికే మూటలుగా అమ్మకూడదు. ఇచ్చేవాళ్ళకు గాని కొనేవాళ్ళకు గాని ఫొటోలు తీయకూడదు. నెలనెలా లెక్కలు తలుపు మీద అంటించాలి. ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: మనం కూడా అక్కడే కొనాలి. లెక్చరరుగారూ కొనాలి, యూనియన్ ప్రెసిడెంటూ కొనాలి. పేదలకోసమే పెట్టిన దుకాణం అని పేరు పడిన రోజున దానికీ పాత దానానికీ తేడా ఉండదు.

మిత్రులారా! ఈ సంచికలో ఎన్నో కవితలు, కథలు, వ్యాసాలు అచ్చవుతున్నాయి. సంతోషమే. వచ్చే ఏడాది సంచికలో మాత్రం ఒక పేజీ నాకోసం ఖాళీగా ఉంచమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. అందులో ఏ వ్యాసమూ అక్కర్లేదు. ఆ దుకాణం మొదటి ఏడాది జమా ఖర్చులు వేస్తే చాలు.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి, చీపురుపల్లి